నేతి వాసన తెలియని సాయంత్రం

"ఇదేం నెయ్యే, వాసనే లేదు" అంటూ మా పెద్దత్తగారు కజ్జికాయను ముక్కు దగ్గర పెట్టుకున్నారు. గదంతా నేతి వాసనే. ఆవిడ ఒళ్లో మా రెండేళ్ల బాబు. వాసన తెలియకపోవడం కరోనా లక్షణమని నేను చదివాను.

కరోనా రెండోసారి చెలరేగిన వేసవి అది. ఆవిడ కోడలు మలికిపురంలోని పుట్టింటి నుంచి పసిబిడ్డతో, సారెతో వచ్చింది. సారె ఇంటింటికీ పంచకపోతే పరువు పోతుందట. జనం చేరారని తెలిస్తే పోలీసులొస్తారని తలుపులన్నీ మూసి, ఏసీ వేసి, ఆడవాళ్లందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి పొట్లాలు కట్టించారు. నేను రానంటానని ముందే నా పిల్లల్ని ఎత్తుకెళ్లారు; వాళ్ల కోసం నేనూ వెళ్లక తప్పలేదు. సారె వచ్చిన డబ్బాలను మాత్రం పసుపునీళ్లతో తుడిచారు. రోగం డబ్బాలకు అంటుకుని వస్తుందని వాళ్ల నమ్మకం. ఊపిరితో వస్తుందంటే ఎవరికీ పట్టలేదు.

బాబును లాక్కున్నాను. "వాసన తెలియకపోతే పరీక్ష చేయించుకోవాలండి. ఈ పంపకం ఆపేయండి."

"ఎండదెబ్బే తల్లీ. నిన్నట్నించి ఒళ్లు కాస్త వెచ్చగా ఉందంతే" అని ఆవిడ అందరివైపూ చూశారు. "డిగ్రీ కోడలొచ్చేక మనింట్లో జలుబుక్కూడా ఇంగ్లీషు పేరొచ్చింది."

నవ్వారు. జ్వరమున్న మనిషి ఒళ్లో నా బిడ్డ అంతసేపు కూర్చున్నాడని ఒక్కరికీ తోచలేదు.

ఇంటికొచ్చి, ఆశా వర్కర్‌కు చెబుదామని మా ఆయనను అడిగాను.

"చెప్పి? కరోనా ఇల్లని మా పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా కర్రలు కట్టిస్తావా? నోరు మూసుకునుండు."

కిటికీలోంచి చూస్తే ఆవిడే బుట్ట పట్టుకుని బయల్దేరుతున్నారు. ప్రతి ఇంట్లోనూ కూర్చుని కబుర్లు చెప్పిగాని లేవరు. ఎదురింట్లో ఆయాసంతో మంచం పట్టిన ముసలాయన ఉన్నారు. మా ఆయన ముందే ఆశా వర్కర్‌కు ఫోన్ చేశాను.

ఆవిడ ఎదురింటి మెట్లెక్కకముందే ఆశా వర్కర్ వచ్చి ఆపింది. అక్కడికక్కడే చేసిన పరీక్షలో కరోనా ఉందని తేలింది. పెద్దత్తగారు మా గేటు వైపు తిరిగి, వీధంతా వినేలా, "నా గడప తొక్కకు. నీ పిల్లల్నీ తొక్కనివ్వకు" అన్నారు. ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు. బతిమాలబుద్ధి కాలేదు.

తెల్లారి మా పెద్దది, పెద్ద మామ్మ దగ్గరికి ఎప్పుడెళ్తామని అడిగింది. ఇద్దరి నుదుళ్లూ తాకి చూసి చెప్పాను.

"ఇప్పుడు వెళ్లకూడదమ్మా. ఆవిడ జబ్బు మనకీ అంటి ఉండొచ్చు. అందుకని ఎవరింటికీ వెళ్లం, ఎవర్నీ రానివ్వం. ఆశా వర్కర్‌కు ఫోన్ చేసిందెవరని తర్వాత ఎవరైనా అడిగితే, మా అమ్మేనండి అని చెప్పు."