తీగల మీద అరచెయ్యి

మా అన్న గిటార్ ఆంప్ స్పీకర్‌కి తగిలిస్తే చాలు, గుయ్యిమని రొద పెట్టేది. తీగల మీద అరచెయ్యి వేస్తే ఆగిపోయేది. అందుకే తడ ఊరి దగ్గర మా చర్చిలో ప్రార్థన మొదలవగానే అన్న తీగల మీద చెయ్యి వేసి కళ్లు మూసుకునేవాడు.

అన్న పోయినాక గిటార్ నాకు వచ్చింది. ప్రార్థనప్పుడు నేను దాన్ని స్టాండ్‌కి ఆనించి మోకరించేవాణ్ణి. అది గుయ్యిమంటూనే ఉండేది. ఒక్కో ఆదివారం మాత్రం, ప్రార్థన మధ్యలో, ఎవరూ ముట్టకుండానే ఆ రొద ఆగేది. "ఆమెన్" అనగానే మళ్లీ మొదలయ్యేది. వైరు లూజేమోనని విప్పి చూసినాను. ఏమీ లేదు.

పాస్టర్ గారికి రొద ఒక్కటే వినపడింది. "బ్రదర్, దాన్ని ఎట్లన్నా ఆపండి" అని వారం వారం సతాయించినారు. విసుగొచ్చి పికప్ మార్చేసినాను. తీగల మోతను పట్టి ఆంప్‌కి పంపే ముక్క అది, ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉన్నింది. కొత్తదానికి రొద అసలు లేదు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోరా మరి, వాళ్లకేం పోయింది!

ఇప్పుడు ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు. నేను తీగల వంకే చూస్తూ ఉంటాను. అన్న చెయ్యి వేసినా నాకిక తెలిసే దారి లేదు.