గురుసామి ఆసారి గోటి కింద దాచిన చుక్క

కోవిల్పట్టిలో మన తెలుగిండ్లకంతా నగలు చేసిచ్చిన కంసాలి, గురుసామి ఆసారి, పోయిన మంగళవారం కాలమైపోయె. పాలు కొనే చోట చెప్పిరి. నేను నమ్మలేదు. ఆ మనిషి సంగతి ఏదీ నేను ఒకేసారిగా నమ్మినది లేదు, చావు కూడా అట్లనే. ఆయన ఇంటికి పోయి కండ్లారా చూసినాకనే నమ్మితిని. నాకి రాత రాదు, నువ్వు రాసిపెట్టు పాపా, నేను చెప్పినట్టే రాయి. మన తెలుగు సంగం పుస్తకంలో వేస్తారని పెద్ద పెద్ద మాటలు చేర్చొద్దు.

సన్నని మనిషి. నేల మీద కూర్చోని, ఒళ్లో తోలు పరుచుకోని పని చేసేవాడు. జారిన రాయి ఆ తోల్లోనే పడాల. నగ ఇచ్చినవాళ్లు ఎదురుగా కూర్చోవాలనేది ఆయన పెట్టిన కట్టడే. "నా మొగం కాదక్కా, చేయి చూడు" అనేవాడు. ఇంత పిలిచి పిలిచి చూడమంటాడే, దీంట్లో ఏమో ఉండాదని నాకి అప్పుడే సందేగం.

మా అత్త పోయినాక ఆమె ముక్కుపుడక వజ్రం నాకి వచ్చె. దాని అంచులో ఒక నల్లచుక్క, గసగస గింజలో పావు వంతు కూడా ఉండదు. ఆ చుక్కే నాకి గురుతు. ఉంగరం చేయించాలని ఎత్తుకోని పోతిని.

"వెనక మూసి కట్టు ఆసారీ. మా అత్తది అట్లనే ఉండె, ఒక్కనాడూ కదల్లేదు" అంటిని.

"కదలదు. అయితే నీది అగ్గిపెట్టెలకి కాగితం అంటించే చేయి. బంక లోపల చేరితే రాయి గుడ్డిదైపోతుంది. పైగా మూసేస్తే వెనక నేనేం పెట్టినానో నీకెట్ల తెలుస్తుంది?"

"ఏం పెడతావు?"

"చూడు, ఇప్పుడే మొదలు పెట్టినావు. నువ్వు నిద్రపోవు."

"సరే, చుట్టూ అంచు తిప్పి కట్టు."

"గట్టిగా ఉంటుంది, చీరకీ తగలదు. రాయి మాత్రం చిన్నదిగా కనపడుతుంది. సగం తినేసినానంటావు. నీకు గోటికట్టే సరి. రాయిని పట్టుకునే బంగారు గోర్లు నాలుగు, ముందూ వెనకా వెలుతురు, ఎప్పుడైనా తిప్పి చూసుకో. చీరకి తగులుకుంటుంది, గోర్లు అరుగుతాయి. ఏటా ఆడి నెల్లో, అదే ఆసాడంలో, నాకి చూపీయాల."

ఏటా రమ్మనేది కూలి కోసమని అనుకొంటిని. ఒక్క ఏడూ కూలి అడగలేదు. అది ఇంకా పెద్ద సందేగం.

కట్టే నాడు పొద్దున్నుంచి రెప్ప వేయలేదు. సరిగా అప్పుడే మా పక్కింటి పార్వతి ఆసారి వాకిట్లో నిలిచి నన్ను పిలిచె. పార్వతితో మాట ఒకటితో ముగుస్తుందా? తిరిగి చూస్తే రాయి కట్టేసి ఉండాడు. చుక్క లేదు. తిప్పి చూస్తిని, వెనకా లేదు.

"చుక్క ఏది?"

"ఒక గోటి కింద పెట్టినానక్కా. గోరు రాయిని పైనా కిందా కరుచుకోని ఉంటుంది కదా, అందుకే కనపడదు. నీ రాయి మచ్చ ఊరికంతా ఎందుకు?"

ఉంగరం వేలికి పెట్టుకోని ఇంటికి వస్తిని. మరునాడు అగ్గిపెట్టెలు చేసే మా ఆఫీసులో, కాగితం అంటిస్తా అంటిస్తా, ఆసారి రాయి మార్చేసినాడని చెప్తిని. నలుగురికే చెప్తిని, కూర్చున్న వరస అంతా వినె. దాని తరువాత పెండ్లి కమ్మల పనులు రెండు ఆయన్ని వదిలి విరుదునగరు పోయె. ఎవరి నోటి మాటని ఆయనకి తెలుసు. నన్ను ఒక మాట అడగలేదు.

ఏటా ఆడి నెల్లో పోయేదాన్ని. బూతద్దం పెట్టి గోర్లు చూసి, లేచినదాన్ని వంచి, అడిగేవాడు.

"గోరు ఎత్తి చుక్క చూపించేదా అక్కా? ఎత్తితే గోటికి కొంచెం బలం తగ్గుతుంది. నువ్వు చెప్పితే ఎత్తతా."

"వద్దు" అనేదాన్ని. గోటికి బయపడి కాదు. చుక్క లేకపోతే ఆయనకి సిగ్గు, ఉంటే నాకి సిగ్గు. ఇరవై ఏండ్లు ఇదే అడగడం, ఇదే వద్దనడం.

సావింట్లో ఆయన పెండ్లాం లచ్చుమి నా చేయి పట్టుకోని ఉంగరాన్నే చూసె. "దీంట్లో ఒక గోరు అరిగిందంట అక్కా. అక్క రానీ, ఈసారి మార్చాల అని పడకలో కూడా చెప్తా ఉండె" అనె.

మూడోనాడు విరుదునగరు పోతిని. అక్కడి ఆసారి ఎదురుగా కూర్చోని, పిలిచినా తల తిప్పకూడదని, చేతినే చూస్తా ఉంటిని. అరిగిన గోరు ఎత్తె. కింద నల్లచుక్క. మా అత్త ముక్కులో చూసిన అదే చుక్క.

"గోరు కొత్తది వేసి, దీన్ని మళ్లీ దాచేస్తాను అవ్వా" అనె.

"వద్దు. రాయిని కొంచెం తిప్పి, చుక్క కనపడేట్టు కట్టు."

"విలువ తగ్గుతుందే?"

"తగ్గనీ" అంటిని.

ఆఫీసులో ఆనాడు నా మాట విన్నవాళ్లు ఇది చదివితే, చదివించుకోని వింటే, నేను ఎక్కడ కనపడినా నిలిపి నా చేయి చూడండి. గురుసామి ఆసారి రాయి మార్చలేదు. నా మచ్చ దాచినాడు, నేను ఆయనకి మచ్చ తెచ్చినాను. ఆ పెద్దమనిషికి దండం పెడతా ఉండా.

ఆడి నెల వస్తా ఉండాది. ఈ గోర్లు చూపించేదానికి ఇంగ ఎవరి ఎదురుగా పోయి కూర్చోవాల, ఎవరి చేయి చూడాల?