చెరకు తోటలో పడ్డ బాణం

ఉష పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటరు చోడవరం బస్టాండుకి ఎదురుగా, ఒక బట్టల కొట్టు మేడమీద ఉండేది. ఒక గది, నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి రావాలి. 1998లో ఆమెకి ఇరవై అయిదేళ్ళు. తండ్రి గణపతిరావు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర గుమస్తా. ఉష చిన్నప్పటినుంచీ బెదురు మనిషి. కుక్క మొరిగితే వీధి మార్చుకునేది. నలుగురిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే అరచేతులు తడిసిపోయేవి. పాఠం కూడా తెర వైపు చూస్తూ చెప్పేదే తప్ప, కూర్చున్నవాళ్ళ మొహాల్లోకి చూసేది కాదు.

అలాంటి మనిషికి ఒక గేమ్ పట్టుకుంది. కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో ఉందది. ఒక అడవి, పాడుబడిన కోట, కోట నిండా రాక్షసులు, ఆడేవాళ్ళ చేతిలో ఒక విల్లు. మధ్యాహ్నం బ్యాచి వెళ్ళిపోయాక సాయంత్రం బ్యాచి వచ్చేదాకా ఉన్న గంటన్నరా ఉష ఆ అడవిలో తిరిగేది. రాక్షసులంటే ఆమెకి భయం లేదు.

కాని ఆ బాణం ఆమెకి నచ్చలేదు. ఎంత దూరమైనా గీత గీసినట్టు తిన్నగా పోయేది. నారి లాగి పట్టుకుని అరగంటైనా నిలబడొచ్చు, చెయ్యి నొప్పెట్టదు. బాణానికి బరువన్నదే లేదు. గేమ్ ఫైళ్ళన్నీ వెతగ్గా వెతగ్గా ఆయుధాల వివరాలున్న ఫైలొకటి దొరికింది. తెరిస్తే వరసగా అంకెలు. బాణం వేగం ఎంత, దాన్ని కిందికి లాగే బలం ఎంత. రెండోదాని ఎదురుగా సున్నా ఉంది. అసలు ఫైలుని ఫ్లాపీలో దాచుకుని, సున్నా తీసేసి ఏదో అంకె వేసింది. మొదటి బాణం కాళ్ళ దగ్గరే రాలిపోయింది. అంకె తగ్గిస్తే కోట దాటి పోయింది. పది రోజులు అలా చీకట్లో తడుముకున్నట్టు అంకెలు మార్చి, చివరికి అసలు బాణం ఎలా పోతుందో కళ్ళారా చూడాలనుకుంది.

చీడికాడ రోడ్డులో, కొండ దిగువన వాళ్ళకి ఎకరన్నర చెరకు తోట ఉంది. అడవి పందులు పడకుండా దాన్ని కాసేవాడు దాసు. కొండమీద ఊరివాడు, వయసు యాభై దాటింది. అతని గుడిసె చూరులో వెదురు విల్లు, నాలుగు బాణాలు ఎప్పుడూ ఉండేవి.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం ఉష నోటుబుక్కు, కొలిచే టేపు, బటన్ నొక్కితే సెకన్లు లెక్కపెట్టే చేతి గడియారం పట్టుకుని ఆటో దిగింది. దాసుకి కంప్యూటర్ సంగతి అర్థం కాలేదు గాని, కాదనలేదు. గడ్డిమేటు మీద గోనెసంచి కట్టి, ముప్ఫై గజాల నుంచి, యాభై గజాల నుంచి బాణాలు వేసి చూపించాడు. యాభై గజాలకి సెకను దాటి రవ్వంత. గురి ఎక్కడ పెట్టాడో, బాణం ఎంత కిందికి దిగి తగిలిందో ఆమె కొలిచి రాసుకుంది. నారి పూర్తిగా లాగి నాలుగు లెక్కపెట్టేసరికి అంత మనిషికీ మోచెయ్యి వణకడం చూసి, అదీ రాసుకుంది. అంత సంతోషం ఆమెకి ఆ ఏడాదిలో లేదు.

"ఇక ఒక్కటే, దాసు మావా. మీదికెత్తి వదిలితే ఎంత దూరం పోతాదో సూడాలి."

దాసు తల అడ్డంగా ఊపాడు. "ఒద్దు తల్లీ. ఎక్కడ పడతాదో తెలీకుండా ఒగ్గకూడదు. తోటలో ఎవులైనా ఉంతారు."

"నేను మెల్లిగా లాగుతాను. ఓసారి ఇయ్యి" అని ఆమె విల్లు అందుకుంది. యజమాని కూతురు చెయ్యి చాస్తే అతను ఇవ్వకుండా ఉండలేకపోయాడు.

సగం కూడా లాగలేదు, వేళ్ళు జారిపోయాయి. నారి ముంజేతిని కొట్టి చర్మం లేచిపోయింది. బాణం గడ్డిమేటు మీదుగా వెళ్ళి, ఎండలో ఒకసారి మెరిసి, నిలువెత్తు చెరకులో పడింది. చప్పుడేమీ కాలేదు.

దాసు మొహం మారిపోయింది. "అటేపు పొద్దున్న అచ్చియ్యమ్మ ఎల్లినాది. ఆకు కోత్తంది."

అచ్చియ్యమ్మ పక్క ఊరి ముసలామె. రెండు పాడి ఆవుల కోసం చెరకాకు కోసుకుపోతుంటుంది. చెరకు విరగ్గొడుతోందని కిందటి వారమే దాసు ఆమెని కసిరాడు. మళ్ళీ తోటలో కనిపిస్తే ఊరుకోనని నలుగురూ వినేలా అన్నాడు.

"అచ్చియ్యమ్మా" అని దాసు కేక వేశాడు. జవాబు లేదు. మళ్ళీ వేశాడు. చెరకాకు గలగలలాడింది, అంతే.

ఇద్దరూ చెరో సాలులో లోపలికి దూరారు. లోపల పట్టపగలే మసక. రెండు బారల అవతల ఏముందో కనిపించదు. ఆకుల అంచులు ఉష మొహాన్ని, మెడని గీరుకుపోతున్నాయి. ముందు చెరకు గడల మధ్య ఏ చీర కొంగు కనిపిస్తుందో, పాదాలు ఎటు తిరిగి ఉంటాయో అన్న ఊహ తప్ప ఆమె తలలో ఇంకేమీ లేదు. ఎక్కడో గరగరమన్న శబ్దం వినిపించి ఆగిపోయింది. మూలుగో, ఆకులో తెలియలేదు. దేవుడికి మొక్కుకుందామన్నా మాటలు కూడలేదు.

అరగంట వెతికాక, ఒక సాలు చివర సగం కట్టిన ఆకు మోపు కనిపించింది. పక్కనే కొడవలి. నీళ్ళ చెంబు పక్కకి దొర్లి నేల తడిసి ఉంది. మోపుకి మూరెడు దూరంలో బాణం మట్టిలో దిగబడి నిలబడి ఉంది.

దాసు దాన్ని పీకి, మొన తుడవకుండా వెలుతురుకి పట్టి చూశాడు. "నెత్తురు లేదు తల్లీ" అన్నాడు. ఉష మోపు పక్కనే కూలబడిపోయింది.

"మరి ఏటయిపోనాది?" అంది.

ఆ మాటకి జవాబు గట్టు మీది నుంచి వచ్చింది. మనుషుల అరుపులు. దాసు ఆమెని అక్కడే ఉండమని సైగ చేసి, బాణం చేత్తో పట్టుకునే బయటికి నడిచాడు. ఆకుల సందులోంచి ఉషకి కనిపించారు, అచ్చియ్యమ్మ కొడుకు సత్యారావు, వెనక మరో అయిదుగురు. ఒకరి చేతిలో కర్ర ఉంది. సత్యారావు రావడమే దాసు మెడలోని తువ్వాలు గుప్పిట్లో మెలిపెట్టాడు.

"మా యమ్మ మీద బాణం ఏసేవా? గుప్పెడాకు కోసుకుంటే సంపేద్దువా?"

దాసు నోరు తెరవలేదు. ఒక్కసారి కూడా తోట వైపు తల తిప్పలేదు.

ఉష వెనక సాలు తిన్నగా రోడ్డు మీదికి పోతుంది. అయిదు నిమిషాలు నడిస్తే ఆటో దొరుకుతుంది. తను ఇక్కడ ఉన్నట్టు దాసుకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆమెకి చాలా స్పష్టంగా తోచింది. ఒక అడుగు అటు వేసింది కూడా. అప్పుడు చెంప దెబ్బ చప్పుడు వినిపించింది.

చెరకు తోసుకుని ఎలా బయటపడిందో ఆమెకి తర్వాత గుర్తులేదు. "నేను" అనబోతే గాలి మాత్రమే వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారికి మాట పెగిలింది.

"నేనేసేను అన్నయ్యా. ఆయన ఒద్దన్నాడు. నేనే ఏసేను."

అందరూ ఆమె వైపు తిరిగారు. మొహమంతా గీతలు, ముంజేతి మీద నెత్తురు. "నువ్వేటి, బాణమేటి?" అన్నాడు సత్యారావు. ఆమె నోటుబుక్కు తెరిచి చూపించింది. గజాలు, సెకన్లు, గేమ్, అంకెలు అని ఏదేదో చెప్పింది. తన చెవికే అది పిచ్చిమాటలా వినిపించింది. వెనక ఒకడు నవ్వబోయి, సత్యారావు మొహం చూసి మానేశాడు.

"నాకు కాదు. మా యమ్మకి సెప్పు" అని సత్యారావు తువ్వాలు వదిలేశాడు.

అందరూ ఊళ్ళోకి నడిచారు. పోలీసులు, తండ్రి ఉద్యోగం, సెంటరు వాళ్ళు ఏమంటారు, అన్నీ కలగాపులగంగా ఉష కళ్ళముందు తిరిగాయి. అచ్చియ్యమ్మ ఇంటి తలుపు లోపల గడియ వేసి ఉంది. కొడుకు పిలిచినా తియ్యలేదు. ఉష తలుపు దగ్గరికి నోరు పెట్టి చెప్పింది.

"పిన్నీ, నేను గణపతిరావు గారి ఉషని. ఆ బాణం నేనొదిలేను."

లోపలినుంచి సన్నగా, "సూసి ఒగ్గేవా, సూడక ఒగ్గేవా?"

"సూడక, పిన్నీ."

గడియ తీసిన చప్పుడయింది. ముసలామె గడపలో కూర్చుండిపోయి ఉష మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "సెవి పక్కనించి ఈలేసుకుంట పోనాది గుంటా. నన్ను సంపడానికి ఎవులో ఒచ్చేరనుకున్నాను. ఎవులికేటి సేసేనా అని దారంతా ఎతుక్కుంట పరిగెత్తేను" అంది. కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక, ఆవులకి మేత అక్కడే ఉండిపోయిందని గొణిగింది. ఉష, దాసు వెళ్ళి మోపు తెచ్చారు. తోటలోకి మళ్ళీ అడుగు పెట్టడానికి ఆమె దాసు భుజం పట్టుకోవలసి వచ్చింది.

తిరిగి వస్తూ, "నా పేరెందుకు సెప్పలేదు?" అని అడిగింది.

"విల్లు నాది" అన్నాడు దాసు. గుడిసె చేరాక నారి విప్పేసి, విల్లుని చూరులో లోపలికంటా తోసేశాడు.

ఆ రోజే గణపతిరావు కూతురి నోటితోనే అంతా విన్నాడు. కేకలు వెయ్యలేదు. కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి అచ్చియ్యమ్మ ఇంటికి, దాసు గుడిసెకి స్వయంగా వెళ్ళి వచ్చాడు.

పదిహేను రోజులు ఉష ఆ గేమ్ తెరవలేదు. కళ్ళు మూసుకుంటే చెరకాకు గలగల వినిపించేది. తర్వాత ఒక మధ్యాహ్నం కూర్చుని నోటుబుక్కులోని అంకెలన్నీ ఫైల్లోకి ఎక్కించింది. గురి తప్పిన బాణాన్ని కొంత దూరం పోయాక గేమ్ తనంతట తానే మాయం చేసేస్తోందని అప్పుడు కనిపెట్టింది. ఆ ఏర్పాటు తీసేసింది. బాణం ఇక ఎక్కడో ఒకచోట పడి తీరుతుంది.

జనవరి చివర్లో ఏదో పని మీద చోడవరం వచ్చిన సత్యారావు సెంటరు మెట్లెక్కాడు. గుమ్మంలో అతన్ని చూడగానే ఉష చేతిలో సుద్దముక్క రెండు ముక్కలయింది.

"మా యమ్మ సూసి రమ్మంది. ఆ కంపూటర్లో బాణం ఏటో" అన్నాడతను.

కుర్చీ చూపించి, ఏ మీట నొక్కాలో చెప్పింది. అతను మోటు వేలితో నొక్కిపట్టాడు. తెర మీద విల్లు వంగింది, నాలుగు లెక్కపెట్టేసరికి వణికింది. బాణం రాక్షసుడి తల మీదుగా పోయి, వంపు తిరిగి, దూరంగా చెట్ల వెనక పడింది.

సత్యారావు తెరకి దగ్గరగా వంగాడు. "అటేపు ఎవులూ లేరు కదా?"

"లేరన్నయ్యా" అంది ఉష.

అతను నమ్మలేదు. ఆ చెట్ల దాకా నడిపించమని అడిగి, బాణం దొరికి, చుట్టుపక్కల అంతా చూశాకే కుర్చీలోంచి లేచాడు.