అడ్డసరం ఆకులో ఎర్రబడిన పదార్థం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ ఏడాది నోరు కట్టుకుని బతికాను. ఆబిడ్స్ వెనక ఒక కాలేజీ లాబరేటరీలో తాత్కాలికంగా పనిచేసేవాణ్ణి. దగ్గుకు వాడే అడ్డసరం ఆకులో ఏయే రసాయనాలున్నాయో నెలాఖరులోగా తేలిస్తే కొలువు ఖాయమనీ, లేదంటే వేరే పని చూసుకోమనీ ప్రొఫెసరుగారు చెప్పేశారు. వేరే పని అంటే చాదర్‌ఘాట్‌లో మా మామయ్య బట్టల కొట్టు. ఆయన తిట్లు తింటూ గుడ్డలు చింపడం కన్నా ఉరేసుకోవడం నయమనిపించేది.

అఫ్జల్‌గంజ్‌లో ఆకులు కొని, నాంపల్లిలో మా ఇంటి మిద్దె మీద ఎండబెట్టమని అమ్మకిచ్చాను. ఎండినవి దంచి, స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, ఈథర్‌తో ఆకుపచ్చ రంగు తీసేస్తే పసుపుపచ్చటి ద్రావణం మిగిలింది. అందులో ఒక చుక్క కాస్టిక్ సోడా వేశాను. చటుక్కున ఎర్రబడింది! పుస్తకాలన్నీ తిరగేశాను. అడ్డసరంలో ఎర్రబడేది ఉన్నట్టు ఎవరూ రాయలేదు.

ప్రొఫెసరుగారు గాజు గొట్టాన్ని కిటికీ వెలుగులో ఊపి ఊపి చూశారు.

"శాబాష్! కొత్త పదార్థమయ్యా గిది. సోమవారం సభల చదువుదాం. మంచి పేరు సూడు," అన్నారు.

అమ్మ పేరే పెడదామనుకున్నాను. ఇంటికి పరుగెత్తి, బియ్యం చెరుగుతున్న అమ్మకు అంతా చెప్పాను. ఆమె చేట దించకుండానే విన్నది.

"గంతేనా? పసుపుల సున్నం కలిస్తె ఎర్రగ గాదా? నీ సోడా సుత గసొంటిదే అయ్యుంటది."

"ఇందులో పసుపెక్కడిదమ్మా?"

"నేనే ఏసిన. బజార్ల ఎవ్వరెవ్వరు ముట్టుకున్నరో ఏమో. మందాకును ఉత్తగ ఎండబెడ్తరా బిడ్డా? పసుపునీళ్లల్ల ముంచి, దండం పెట్టుకొని ఆరబోసిన. గట్లయితేనే గుణమిస్తది."

ఓరి దేవుడో! పెళ్లికూతురికి దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా కలుపుతారో పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాణ్ణే. చదువుకున్న మొద్దు అంటే నేనే. అయినా అమ్మ మీదే అరిచాను. ఆమె బిక్కమొగం వేసి "తప్పయిందా బిడ్డా?" అనేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం దాకా నోరు మూసుకుంటే కొలువు నాదే. కానీ అబద్ధానికి అమ్మ పేరు పెట్టడానికి మనసొప్పలేదు. తెల్లారి ప్రొఫెసరుగారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు సరికదా, ఆయన మొహం పాలిపోయింది. బీరువా తెరిచి, తనకు పేరు తెచ్చిన పాత పరిశోధన కాగితాలు తీసి ఒక పేజీ దగ్గర ఆగారు.

"అందరిండ్లల్ల గిట్లనే చేస్తరా?"

"ఔ సార్, పెద్దోళ్లున్న ఇండ్లల్ల చేస్తరట."

"నా నేలవేము ఆకు సుత ఎర్రబడ్డదయ్యా," అన్నారు మెల్లగా. "దాన్ని ఎండబెట్టింది మా అత్తమ్మ."

టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం తిరిగొచ్చి, నా వైపు చూడకుండానే నా కొలువు కాగితం మీద సంతకం చేశారు.

"ఆకులు ఇగ గీడనే ఎండబెట్టాలె," అన్నారు. "గీ ముచ్చట మీ అమ్మకు, మా అత్తమ్మకు, మనిద్దరికి తప్ప ఎవ్వరికీ తెల్వద్దు."