అదృష్టపు టమోటా క్రేటు

మదనపల్లె మార్కెట్‌లో టమోటా క్రేట్లు చూస్తే నాకిప్పటికీ తొడలు మండుతాయి. చిన్నప్పుడు కుప్పంలో మా ఇంట్లో, ఐపీఎల్‌లో మా బెంగళూరు జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌నూ టీవీ ముందు బోర్లించిన క్రేటు మీద కూర్చునే చూశాను.

"అది అదృష్టం క్రేటు పాపా. నువ్వు లేస్తే వికెట్ పోతాది, కదలొద్దు!" అనేవాడు మామ, కుర్చీలో కాళ్లు చాపుకుని.

ఒకరోజు ఆఖరి ఓవర్. వరుసగా రెండు సిక్సర్లు! ఇంకొక్క ఫోర్ కొడితే గెలుపే. అమ్మానాన్నల కేకలు. ఆనందం పట్టలేక నేనూ ఎగిరాను. తర్వాతి బంతికి ఆఖరి వికెట్ ఎగిరింది.

"నిన్నెవురు లేయమన్నారు పాపా? గెలిసే మ్యాచ్ పాయె!"

వారం రోజులు దోషిలా తిరిగాను.

మా జట్టు ఓటములకు బౌలింగే కారణమని పెద్దయ్యాక తెలిసింది. అసలు సంగతి మొన్ననే తట్టింది: అప్పుడు ఇంట్లో మనుషులం నలుగురం, కుర్చీలు మూడు.