శుక్రవారం పన్నెండుంబావు

మా అమ్మాయికి పని నేర్పిన సర్ గారు పోయారని మొన్న గురువారం పొద్దున్న పిఠాపురం నుంచి కబురు వచ్చింది. ముందు రోజే అమ్మాయి ఉద్యోగం పర్మనెంటు అయినట్టు కాగితం చేతికి వచ్చింది. సర్ గారికి ఇద్దామని కట్టించిన కాజాల పొట్లం అలాగే బల్ల మీద ఉంది. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఈ కబురు ఎలా అందుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ నా సంతోషం తగ్గలేదు, దాచుకోను కూడా. అది ఆయన పెట్టిన భిక్ష.

నేను చదివింది అయిదో తరగతి. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాను. అదే ఫ్యాక్టరీకి యూనిక్స్ మీద నడిచే కంప్యూటరు తెచ్చారు. దాని గదికి సర్ గారు పెద్ద, మా అమ్మాయి కొత్తగా చేరిన ఉద్యోగి. ఏ రైతు ఏ రోజు చెరకు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు అందులోంచే అచ్చయి వస్తాయి. జీపు వాటిని తీసుకుని పదకొండున్నరకి ఊళ్ళ మీదికి వెళ్తుంది.

ఒకరోజు అమ్మాయి ఇంటికొచ్చి, ఇక ఆర్డర్లు వాటంతట అవే వస్తాయంది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని అయిదు అంకెలు వేసి పక్కన పని పేరు రాస్తే, ఎవరూ ముట్టుకోకపోయినా ఆ వేళకి మిషను చేసేస్తుందట. రోజూ పదకొండుకి పెడుతున్నామంది. శుక్రవారం పదకొండంటే నడి రాహుకాలం. మర్నాడే వెళ్ళి సర్ గారి దగ్గర నిలబడ్డాను.

"మిషనుకి రాహువేంటండీ బాబూ" అని నవ్వారు. కాదనలేదు. "సరే, శుక్రవారం ఒక్కటీ పన్నెండుంబావుకి వేద్దాం. ఆ రోజుకి జీపుని ఆపిస్తాను. మీ అమ్మాయి చేతే రాయిస్తా."

ఆ సాయంత్రం అమ్మాయి కాగితం ముందేసుకుని, "నాన్నా, శుక్రవారం ఎన్నోది?" అని అడిగింది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆదివారం ఒకటి, సోమవారం రెండు... శుక్రవారం ఆరు. అదే రాసుకుంది. మర్నాడు శుక్రవారం, ఆ రోజు ఆర్డర్లు చేత్తోనే అచ్చు తీసేశాక మిషనులో ఎక్కించింది.

శనివారం సర్ గారు ప్రింటరు రిబ్బన్ల కోసం కాకినాడ వెళ్ళారు. పదకొండు అయింది. ప్రింటరు పలకలేదు. ఆయన లేకుండా మిషను ముట్టుకోవడానికి అమ్మాయి భయపడింది. జీపు డ్రైవరు గుమ్మంలోంచి, "ఏంటమ్మా, మీ మిషను కూడా సంతకం పెట్టి కాంటీన్‌కి పోయిందా?" అని కాసేపు చూసి ఖాళీగా వెళ్ళిపోయాడు. పన్నెండుంబావుకి ప్రింటరు గడగడా కొట్టింది. అప్పటికి లాభమేముంది? మర్నాడు చెరకు రాలేదు, గానుగ సగం పూట ఆగింది. అంతకంటే పెద్ద నేరం మా ఫ్యాక్టరీలో లేదు. కొత్తవాళ్ళని ఇంతకంటే చిన్న తప్పులకే పంపేశారు.

మేనేజరు గారు పిలిచి, "ఎవరు రాశారిది?" అన్నారట. అమ్మాయి నోరు తెరిచేలోపే సర్ గారు, "చూడాల్సింది నేనండి, చూడలేదు. తప్పు నాది" అన్నారట. ఆ ఏడాది రావలసిన ఇంక్రిమెంటు ఆయనకి ఆపేశారు. అమ్మాయి ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. "వేళ్ళ మీద లెక్క నాదండి సర్" అన్నాను.

"తెలుసండి. మిషను ఆదివారాన్ని సున్నా అంటుంది. దాని లెక్కలో శుక్రవారం అయిదే, ఆరంటే శనివారం. మీకెవరు చెప్పారు కనక?" అని మజ్జిగ తెప్పించారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అంకె దిద్దించారు గాని, శుక్రవారం పన్నెండుంబావుని మాత్రం మార్చలేదు. నా కోసమే ఉంచారు.

అమ్మాయికి ఆయన చెప్పింది ఒకటే మాట. "వేళ చెప్పేసి చేతులు కడుక్కోకూడదమ్మా. అయిందో లేదో తొంగి చూడాలి." ఆర్డర్ల చివర ఇంగ్లీషు అక్షరాల్లో "చూశారా?" అని ఒక వరస అచ్చయ్యేట్టు ఆయనే పెట్టారు. రోజూ ఆ వేళకి టిఫిను తింటున్నా లేచి వచ్చి, దాని కింద పెన్సిలుతో "చూశాను" అని రాసేవారు. తన మిషను, తను పెట్టిన ప్రశ్న, తనే జవాబు. నవ్వుకునేవాళ్ళం. పర్మనెంటు చెయ్యమని ఆయన రాసిన సిఫారసు కింద కూడా పెన్సిలుతో అదే మాట ఉందట.

కబురు వచ్చిన మర్నాడు శుక్రవారం. సీజను కదా, ఫ్యాక్టరీకి సెలవు లేదు. అమ్మాయి తినకుండా వెళ్ళిందని క్యారియరు తీసుకుని వెళ్ళాను. గదిలో ఆయన కుర్చీ, కుర్చీ వీపుకి ఆయన తువ్వాలు. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. పన్నెండుంబావుకి ప్రింటరు మొదలుపెట్టింది. కాగితం మడతలు మడతలుగా దిగి, చివరి వరస దగ్గర ఆగింది. అమ్మాయి లేచి వెళ్ళి, పేరు పేరునా ఆర్డర్లు చూసి, ఆయన పెన్సిలు తీసుకుంది.

"చూశాను సర్" అని రాసింది.