కందెన పట్టిన బోల్టు

ప్రేమానందం ముప్పై నాలుగేళ్ళ వయసు వరకు ఎడ్లబండి తోలాడు. ఆ తరువాత కారు తోలాడు. రెండింటికీ చెల్లే క్రియ ఒకటే కావడం వల్ల కాబోలు, ఆ రెండు పనులకూ మధ్య పెద్ద తేడా ఉన్నదని అతడు చాలాకాలం నమ్మలేదు. నందిగామలో మోతుబరి రైతు వీరరాఘవయ్యగారు పాత ఇంగ్లీషు కారొకటి కొని, తన బండి తోలే మనిషినే గరికపాడులో ఒక లారీ డ్రైవరు దగ్గరికి పంపి, స్టీరింగు పట్టడం నేర్పించారు.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో, ఒక శుక్రవారం, జగ్గయ్యపేట నుంచి వస్తుండగా ఆ కారు ముందువైపు ఎడమ పక్కకు కుంగిపోయింది. కమాను కట్టను చట్రానికి పట్టి ఉంచే బోల్టు విరిగింది. సందులో కొయ్యదిమ్మ దూర్చి, మోకుతో బిగించి, మనిషి నడిచే వేగంతో ప్రేమానందం దానిని తన ఇంటి వాకిట్లోకి చేర్చాడు. సోమవారం పొద్దున జగ్గయ్యపేటలో సమితి సమావేశమున్నదని, అప్పటికి కారు కదలకపోతే అతడి స్థానంలో కంచికచర్ల నుంచి మరమ్మతులు తెలిసిన డ్రైవరు వస్తాడని వీరరాఘవయ్యగారు చెప్పారు. ఆయన అరిచి ఉంటే ప్రేమానందానికి అంత భయం వేసేది కాదు.

శనివారం బెజవాడ బస్సులో కొత్త బోల్టులు వచ్చాయి. అయితే ముందు పాతవి ఊడి రావాలి గదా. నిఘంటువులు ‘మరమేకు’ అనే అందమైన మాటను మనకిచ్చాయి. తుప్పుపట్టి బిగుసుకున్న దాని కింద వెల్లకిలా పడుకున్నవాడు మాత్రం దానిని ఆ పేరుతో పిలువడు. కిరసనాయిలు గుడ్డ చుట్టి గంటసేపు ఆగాడు. పానా వేసి తిప్పితే నట్టు అంచులు అరిగాయి. సుత్తితో కొడితే చేతికే అదిరింది. లేచి వాకిట్లో నాలుగడుగులు వేశాడు, కుండలో నీళ్ళు తాగాడు, మళ్ళీ కిందికి దూరాడు, మళ్ళీ లేచాడు.

సాయంత్రానికి నాలుగింటిలో ఒక్క బోల్టు కదిలింది. దానితో పాటు మాడిన అన్నపు అడుగులాంటి నల్లని పెచ్చు ఊడిపడింది. ప్రేమానందం దానిని గోటితో గీకి, వాసన చూసి, అక్కడే చతికిలబడ్డాడు.

అది కందెన. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురుబొంగులో పోసి, బండి ఇరుసుకు పూసే పదార్థం. బెజవాడ గ్రీజు డబ్బా అయిపోయిన నాటి నుంచి మూడేళ్ళుగా, ప్రతి శనివారం, ఎవరూ చెప్పకుండానే, అతడు దానిని ఆ బోల్టుల సందుల్లో శ్రద్ధగా కూరుతూ వచ్చాడు. ఇరుసుకైతే చక్రం నిత్యం తిరుగుతుంది, పాత కందెన బయటికి వస్తుంది. కదలీ కదలని బోల్టు దగ్గర అది మసితో సహా గడ్డకట్టింది; కమాను ఆడే వీలులేక బోల్టే విరిగింది. ఆ రాత్రి అతడు ఎన్నిసార్లు పక్క మార్చాడో భార్య ఆరోగ్యమ్మకే తెలుసు.

ఆదివారం ఆమె గుడి నుంచి వచ్చేసరికి భర్త ఇంకా కారు కిందనే ఉన్నాడు.

“ప్రార్థనకు రాలేదేమని పాస్టరయ్యగారు అడిగారు. కారు కింద మోకరించాడని చెప్పా.”

“ఎకసెక్కాలు తరవాత. ఊదుగొట్టం పట్రా.”

బండిచక్రానికి ఇనుపపట్టా ఎక్కించే ముందు దానిని కాల్చి సాగదీయడం అతడెరిగినదే. పెట్రోలు ట్యాంకు వెనకెక్కడో ఉన్నది గనుక ధైర్యం చేశాడు. కిరసనాయిలు తడి శుభ్రంగా తుడిచి, బోల్టు చుట్టూ ఉన్న ఇనుపకన్ను కింద రేకులో నిప్పులు పెట్టాడు. గుడికి కట్టిన తెల్లచీర కొంగు దోపి ఆరోగ్యమ్మ ఊదింది; కన్ను ఎర్రబడగానే ఆమె తప్పుకున్నది, అతడు కడ్డీ ఆనించి సమ్మెటతో కొట్టాడు. విరిగిన ముక్క మూడో దెబ్బకు జారింది. మిగిలిన రెండూ పొద్దు వాలేలోగా వచ్చాయి.

కొత్తవి బిగిస్తుండగా వీరరాఘవయ్యగారు వచ్చారు. కారు చుట్టూ తిరిగి, రోడ్డు కాంట్రాక్టరును నాలుగు మాటలన్నారు. ఆ గుంటల్లో ఏ బోల్టయినా విరుగుతుందన్నారు. ప్రేమానందం తల ఊపితే సరిపోయేది. ఆరోగ్యమ్మ అతడినే చూస్తున్నది.

“రోడ్డు కాదండి. నేనే కందెన పెట్టా. అది గడ్డకట్టి పట్టేసింది.”

“నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?”

“తెలవదండి. అట్టాగే పెడతా ఉంటే మళ్ళీ ఇరిగేది. అప్పుడు మీరు లోపలుంటారు.”

వీరరాఘవయ్యగారు నల్లపెచ్చును అరచేతిలో వేసుకొని చాలాసేపు చూశారు. ప్రేమానందం పానాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“మనవాడు కందెనతోనే కారు నడుపుతున్నాడని చందర్లపాడులో కృష్ణయ్య బావతో గొప్పలు చెప్పానయ్యా,” అన్నారాయన మెల్లగా. “ఆయనా తన కారుకు అదే పెట్టిస్తున్నాడు. రేపు ముందు అక్కడికి పోవాలి. పానాలూ సమ్మెటా వేసుకో.”

“మరి కంచికచర్ల డ్రైవరండీ?”

“వాడికి కందెన సంగతేం తెలుసు?”

సోమవారం సమితి సమావేశం మొదలయ్యే వేళకు వీరరాఘవయ్యగారు చందర్లపాడు అరుగు మీద కూర్చొని బావగారి దెప్పుళ్ళు వింటున్నారు. ప్రేమానందం కృష్ణయ్యగారి కారు కిందికి దూరి, మొదటి బోల్టుకు పానా ఆనించాడు. అది కదలలేదు. ఊదుగొట్టం కావాలని లోపలికి కబురు పంపాడు.